మాట ఇచ్చారు, ముహూర్తం పెట్టలేదు: జార్జియా, నాటో సంగతి

ఖమ్మం నుంచి ఒక తండ్రిగారు అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మాయి జార్జియా దేశంలో, టిబిలిసిలో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతోంది. జార్జియా నాటోలో చేరబోతోందని కొందరంటారు. చేరితే ఉక్రెయిన్‌కి పట్టిన గతే పడుతుందని కొందరంటారు. నాటో వాళ్ళని ఎప్పటికీ చేర్చుకోదని ఇంకొందరు. టీవీలో, యూట్యూబ్‌లో నిపుణులు తలో మాట చెబుతున్నారు. ఎవరిని నమ్మాలి? అమ్మాయిని వెనక్కి పిలిపించాలా?"

సార్, మీ చివరి ప్రశ్నకి ముందే జవాబు చెప్పేస్తాను. ఇప్పుడున్న పరిస్థితిలో నాటో పేరు చెప్పి అమ్మాయిని చదువు మధ్యలో పిలిపించక్కర్లేదు. ఎందుకో కింద వివరంగా రాస్తాను. పెద్ద జవాబే, కాస్త ఓపిగ్గా చదవండి. పిల్ల దూరదేశంలో ఉన్నప్పుడు సగం సగం తెలిసిన కబుర్లే ఎక్కువ భయపెడతాయి.

నేను యూనివర్సిటీలో అంతర్జాతీయ రాజకీయాలు పాఠం చెప్పి రిటైరయ్యాను. జార్జియా ఉన్న కాకసస్ ప్రాంతం గురించి ఇరవై ఏళ్ళకి పైగా చదువుతూ వస్తున్నాను. 2018లో జార్జియా వెళ్ళి మూడు వారాలు తిరిగాను కూడా. అక్కడ కళ్ళారా చూసింది కొంత, చదివింది కొంత కలిపి చెబుతున్నాను.

నాటో అంటే ఏమిటో రెండు ముక్కల్లో. 1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో 12 దేశాలు రాసుకున్న ఒప్పందం అది. ఇప్పుడు 32 దేశాలున్నాయి. అందులో అయిదో అధికరణం ప్రాణం లాంటిది: ఒక సభ్యదేశం మీద సాయుధ దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే లెక్క. పదో అధికరణం గుమ్మం లాంటిది: ఐరోపా దేశం దేన్నైనా ఆహ్వానించవచ్చు, కానీ ఉన్నవాళ్ళందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా పని ఆగిపోతుంది. మాసిడోనియా పేరు మీద గ్రీసుకి ఉన్న అభ్యంతరం వల్ల ఆ దేశం 'ఉత్తర మాసిడోనియా'గా పేరు మార్చుకుని 2020లో లోపలికి రావాల్సి వచ్చింది. స్వీడన్‌ని తుర్కియే, హంగరీ చాలాకాలం ఆపాయి. కాబట్టి 'నాటో అనుకుంటే రేపే చేర్చుకుంటుంది' అని ఎవరైనా అంటే, అక్కడ అనుకోవాల్సిన తలలు 32 అని గుర్తుపెట్టుకోండి.

ఇక జార్జియా. జనాభా దాదాపు 37 లక్షలు, అంటే మన హైదరాబాద్‌లో సగం కూడా లేదు. ఉత్తరాన కాకసస్ కొండలు, కొండల అవతల రష్యా. పక్కన నాటో దేశం ఒక్క తుర్కియేనే. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నం కాగానే స్వతంత్రమైంది. ఆ రోజుల్లోనే రెండు చోట్ల, విడిపోతామంటూ చిచ్చు రేగింది. నల్ల సముద్రం ఒడ్డున అబ్‌ఖాజియా, కొండల అంచున దక్షిణ ఒసేషియా. 1992–93లో అబ్‌ఖాజియా యుద్ధంలో రెండు లక్షలకి పైగా జార్జియన్లు ఇళ్ళు వదిలి కట్టుబట్టలతో వచ్చేశారు. ఈ సంవత్సరాలు ఒకసారి గట్టిగా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వీటి దగ్గరికి వస్తాను.

1994లో జార్జియా నాటోవారి 'శాంతి కోసం భాగస్వామ్యం' అనే కార్యక్రమంలో చేరింది. అప్పట్లో రష్యా కూడా అందులో చేరింది, అంతగా ఎవరూ ఉలిక్కిపడలేదు. 2003 నవంబర్‌లో గులాబీ విప్లవం వచ్చి, తర్వాత మిఖాయిల్ సాకాష్విలి అధ్యక్షుడయ్యాక అడుగులు వేగం పుంజుకున్నాయి. 2008 జనవరిలో 'నాటోలో చేరాలా' అని ప్రజాభిప్రాయం అడిగితే 77 శాతం అవునన్నారు. అదే సమయంలో ఉక్రెయిన్‌లో నాటో వైపు మొగ్గినవాళ్ళు మైనారిటీయే. ఈ రెండు దేశాల్ని ఒకే గాటన కట్టేసి మాట్లాడే నిపుణులు ఈ తేడా దాటేస్తారు.

అసలు మలుపు 2008 ఏప్రిల్‌లో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో జరిగిన నాటో శిఖరాగ్ర సమావేశం. అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ ఉక్రెయిన్, జార్జియాలకి 'మ్యాప్' ఇద్దామన్నాడు. మ్యాప్ అంటే సభ్యత్వానికి సిద్ధం చేసే కార్యాచరణ ప్రణాళిక. ఇంటర్మీడియట్ పాసై ఎంసెట్ కోచింగ్‌లో చేరడం లాంటిది, సీటు గ్యారంటీ లేదు గానీ దారి మాత్రం ఖాయమైనట్టు. జర్మనీ ఛాన్సలర్ అంగెలా మెర్కెల్, ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీ వద్దన్నారు. తూర్పు ఐరోపా దేశాలు ఇవ్వాల్సిందే అన్నాయి. వాదోపవాదాలు అయ్యాక ఏప్రిల్ 3న ఒక ప్రకటన తయారైంది. దాని 23వ పేరా నేను క్లాసులో ప్రతి బ్యాచ్‌కీ అక్షరం అక్షరం చదివించేవాణ్ణి. దాని సారం ఇది: ఉక్రెయిన్, జార్జియాల ఆకాంక్షను స్వాగతిస్తున్నాం, ఈ దేశాలు నాటో సభ్యదేశాలు అవుతాయని ఇవాళ అంగీకరించాం, మ్యాప్ తర్వాతి మెట్టు, ఆ సంగతి విదేశాంగ మంత్రులు డిసెంబర్‌లో చూస్తారు.

'అవుతాయి' అన్నారు. ఎప్పుడో చెప్పలేదు. మ్యాప్ తర్వాతి మెట్టు అన్నారు, ఆ మెట్టు ఎక్కనివ్వలేదు. మన భాషలో చెప్పాలంటే, నలుగురిలో నిశ్చితార్థం చేసేసి ముహూర్తం పెట్టకుండా వెళ్ళిపోయారు. అలాంటప్పుడు పెళ్ళికూతురి ఇంటి పరిస్థితి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఇంకొకరి సంబంధం చూసుకోలేదు, ఇచ్చిన సంబంధం అక్కరకు రాదు. ఆ పెళ్ళి ఇష్టంలేని పొరుగువాడికి మాత్రం ఆపడానికి కావలసినంత సమయం దొరికింది. మర్నాడే పుతిన్ బుకారెస్ట్ వచ్చి నాటో–రష్యా సమావేశంలో కూర్చున్నాడు.

నాలుగు నెలలు తిరిగేసరికి యుద్ధం వచ్చింది. 2008 ఆగస్టు 7 రాత్రి జార్జియా సైన్యం దక్షిణ ఒసేషియా ముఖ్యపట్టణం త్స్‌ఖిన్వాలి మీద ఫిరంగులు పేల్చింది. రష్యా ట్యాంకులు కొండల్లోని రోకీ సొరంగం గుండా దిగివచ్చాయి. అయిదు రోజుల్లో గోరి పట్టణం దాకా వచ్చేశాయి. ఆగస్టు 12న సర్కోజీ మధ్యవర్తిత్వంతో కాల్పులు ఆగాయి. ఆగస్టు 26న రష్యా ఆ రెండు ప్రాంతాల్నీ స్వతంత్ర దేశాలుగా గుర్తించింది. అప్పటినుంచి జార్జియా భూభాగంలో అయిదో వంతు ఆ దేశ ప్రభుత్వం చేతిలో లేదు.

తప్పెవరిది? ఐరోపా సమాఖ్య కోరగా స్విట్జర్లాండ్ దౌత్యవేత్త హైడీ టాగ్లియావీని నాయకత్వంలో విచారణ జరిగి 2009 సెప్టెంబర్‌లో నివేదిక వచ్చింది. పెద్ద ఎత్తున కాల్పులు మొదలుపెట్టింది జార్జియాయే అని అందులో ఉంది. అంతకుముందు ఏళ్ళ తరబడి రెచ్చగొట్టడాలు జరిగాయని, రష్యా జవాబు అవసరానికి మించిపోయిందని కూడా అందులోనే ఉంది. రష్యా వైపు మాట్లాడేవాళ్ళు మొదటి సగమే చెబుతారు, జార్జియా వైపువాళ్ళు రెండో సగమే చెబుతారు. మీరు రెండూ కలిపి చదవండి.

ఇప్పుడు మీరడిగిన 'తలో మాట' దగ్గరికి వద్దాం.

చికాగో ఆచార్యుడు జాన్ మియర్‌షైమర్ చాలాకాలంగా చెబుతున్నది ఇది: పెద్ద దేశం గుమ్మం ముందుకి ప్రత్యర్థి సైనిక కూటమి వస్తే అది ఊరుకోదు, అది మంచా చెడా అన్నది వేరే సంగతి, బుకారెస్ట్ ప్రకటనే అసలు తప్పు. అమెరికాలోనే ఇలా ఆలోచించినవాళ్ళు ప్రభుత్వం లోపల కూడా ఉన్నారు. అప్పుడు మాస్కోలో అమెరికా రాయబారిగా ఉన్న విలియం బర్న్స్ 2008 ఫిబ్రవరిలోనే రష్యా అభ్యంతరం ఎంత లోతైందో తన ప్రభుత్వానికి హెచ్చరిస్తూ రాశాడు. ఈ బర్న్సే తర్వాత సీఐఏ డైరెక్టర్ అయ్యాడు. అప్పట్లో అమెరికా నిఘా సంస్థల్లో రష్యా వ్యవహారాలు చూసిన ఫియోనా హిల్ కూడా మ్యాప్ ఇవ్వొద్దనే సలహా ఇచ్చింది. ఈమె పుతిన్‌ని వెనకేసుకొచ్చే మనిషి కాదు, ఆయన మీద చాలా కఠినంగా రాసినావిడ. అంటే 'వద్దు' అన్నవాళ్ళందరూ రష్యా మనుషులే అనుకుంటే పొరపాటు.

రెండో వైపు రోనాల్డ్ ఆస్మస్ లాంటివాళ్ళు. నాటో విస్తరణకి క్లింటన్ కాలంలో పని చేసిన అధికారి ఆయన. వీళ్ళ వాదన సరిగ్గా తలకిందులు: మ్యాప్ ఇవ్వకపోవడమే రష్యాకి ఆకుపచ్చ జెండా ఊపింది. నాటోలో చేరిన ఎస్టోనియా, లాత్వియా మీద రష్యా ఎప్పుడూ దండెత్తలేదు, బయట ఉన్న జార్జియా మీద, ఉక్రెయిన్ మీదే దండెత్తింది అని చూపిస్తారు. బాల్టిక్ దేశాలు, పోలండ్ నాయకులు ఇప్పటికీ ఇదే అంటారు. 2022లో ఉక్రెయిన్ పట్టణం బూచాలో రష్యా సైన్యం చేసిన పౌరుల హత్యలు బయటపడ్డాక ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ మెర్కెల్‌ని, సర్కోజీని అక్కడికి వచ్చి చూడమన్నాడు. మెర్కెల్ మాత్రం తన నిర్ణయానికి కట్టుబడే ఉన్నానంది.

ఇన్నాళ్ళు చదివాక నా అభిప్రాయం చెప్పాలంటే: రెండు వైపులా సగం సగం నిజం ఉంది. కానీ ఆ సగాలు కలిస్తే వచ్చే నిజం ఎవరికీ ఇష్టం లేదు. 'ఇస్తాం' అని మ్యాప్ ఇచ్చి, నాటో సైన్యం అక్కడ పెట్టి ఉంటే ఒకలా ఉండేది. 'ఇప్పట్లో కుదరదు, మీ భద్రత మీరు వేరేలా చూసుకోండి' అని నిజాయితీగా చెప్పి ఉంటే ఇంకోలా ఉండేది. రెండూ కాకుండా, పొరుగువాడికి కోపం తెప్పించడానికి సరిపడా మాట ఇచ్చి, ఆ కోపం నుంచి కాపాడటానికి సరిపడా రక్షణ ఇవ్వలేదు. రెంటికీ చెడ్డ రేవడి గతి పట్టించారు జార్జియాకి. ఈ మాటలో నాకెంత కోపం ఉందో మీకు కనిపిస్తుంది, దాచుకోను. ఎందుకంటే ఆ అరకొర మాటని నమ్మి చచ్చిపోయిన పిల్లలున్నారు.

ఆ పిల్లల సంగతి చెప్పాలి. నాటోలో చేరడానికి తాము తగినవాళ్ళమని నిరూపించుకోవాలని జార్జియా తన సైనికుల్ని పంపింది. 2008 నాటికి ఇరాక్‌లో దాదాపు 2,000 మంది జార్జియా సైనికులున్నారు. రష్యా ట్యాంకులు ఇంటి మీదకి వచ్చినప్పుడు వాళ్ళు అక్కడే ఉన్నారు. అమెరికా విమానాలు వాళ్ళని హడావిడిగా వెనక్కి తెచ్చాయి. అమెరికా యుద్ధనౌక మెక్‌ఫాల్ బటుమీ రేవుకి సహాయ సామగ్రి తెచ్చింది. అంతే, నాటో తరఫున అంతకుమించి ఎవరూ యుద్ధానికి రాలేదు, రావాల్సిన బాధ్యతా లేదు, ఎందుకంటే సభ్యత్వం లేదు.

ఆ తర్వాతైనా తగ్గారా అంటే లేదు. అఫ్ఘానిస్తాన్‌లో నాటో బలగంలో ఒకప్పుడు 1,500 మందికి పైగా జార్జియన్లు ఉండేవారు. నాటో సభ్యులు కాని దేశాల్లో అప్పట్లో అందరికన్నా ఎక్కువమందిని పంపింది జార్జియాయే. అదీ ఎక్కడ? అన్నింటికన్నా ప్రమాదకరమైన హెల్మంద్ రాష్ట్రంలో. 2013 జూన్‌లో అక్కడ ఒక ఆత్మాహుతి లారీ దాడిలో ఒక్కరోజే ఏడుగురు చనిపోయారు. మొత్తం 32 మంది అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. 37 లక్షల జనాభా ఉన్న దేశానికి 32 మంది అంటే చిన్న లెక్క కాదు. టిబిలిసిలో వీరుల కూడలి దగ్గర ఒక ఎత్తయిన స్మారక స్తంభం ఉంది, రాళ్ళ మీద పేర్లు చెక్కి ఉంటాయి. నేను వెళ్ళినరోజు సాయంత్రం ఒకావిడ కింద నిలబడి ఒక పేరు మీద వేలు ఆనించి చాలాసేపు అలాగే ఉంది. ఆ పేరు ఏ యుద్ధానిదో నేను అడగలేదు. అడగాలనిపించలేదు.

ప్రతిఫలంగా ఏం దొరికింది? 2008 సెప్టెంబర్‌లో నాటో–జార్జియా కమిషన్, 2010లో టిబిలిసిలో నాటో లైజాన్ (సమన్వయ) ఆఫీసు, 2014 వేల్స్ సమావేశంలో 'సబ్‌స్టాన్షియల్ ప్యాకేజీ' అనే సైనిక సహకార పథకం, 2015లో టిబిలిసి పక్కన క్ర్త్సానిసిలో ఉమ్మడి శిక్షణ కేంద్రం. ఇవేవీ ఉత్తివి కావు. జార్జియా సైన్యం నిజంగానే మారింది. కానీ 2009లో క్రొయేషియా, అల్బేనియా లోపలికెళ్ళాయి. 2017లో మోంటెనెగ్రో వెళ్ళింది. రష్యాతో 1,340 కిలోమీటర్ల సరిహద్దున్న ఫిన్లాండ్ 2022 మేలో దరఖాస్తు పెట్టి 2023 ఏప్రిల్‌లో సభ్యదేశమైంది, పదకొండు నెలలైనా పట్టలేదు. జార్జియా అక్కడే ఉంది.

ఫిన్లాండ్‌కి అంత తేలిగ్గా ఎందుకైంది, జార్జియాకి ఎందుకు కాలేదు అని నా విద్యార్థులు అడిగేవారు. ప్రధాన కారణం భూమి. ఫిన్లాండ్ సరిహద్దు మీద తగాదా లేదు. జార్జియాలో అయిదో వంతు రష్యా సైన్యం కింద ఉంది. రేపు జార్జియా సభ్యదేశమైతే అయిదో అధికరణం ఆ అయిదో వంతుకీ వర్తిస్తుందా? వర్తిస్తే నాటో చేరిన రోజే రష్యాతో యుద్ధంలో ఉన్నట్టు. వర్తించదంటే ఆ భూమిని వదులుకున్నట్టు. 1995లోనే నాటో విస్తరణ మీద తయారుచేసుకున్న అధ్యయనంలో, చేరాలనుకునే దేశం తన సరిహద్దు తగాదాలు శాంతియుతంగా తీర్చుకోవాలి, అది ఆహ్వానించాలా వద్దా అన్నదానిలో లెక్కలోకి వస్తుంది అని రాసుకున్నారు. ఇది తెలిసిన ఎవరికైనా ఒక సంగతి అర్థమవుతుంది: కొద్దిపాటి భూమి మీద సైన్యం పెట్టి కూర్చుంటే చాలు, మొత్తం దేశాన్ని గుమ్మం బయటే నిలబెట్టవచ్చు. దక్షిణ ఒసేషియా రష్యాకి కావాల్సింది అక్కడి యాపిల్ తోటల కోసం కాదు.

ఆ తోటల్ని నేను చూశాను. గోరి దగ్గర ఖుర్వలేతి అని ఒక ఊరు. ఊరి మధ్యలో ఆకుపచ్చ ఇనుప కంచె, దాని మీద ముళ్ళతీగ. 'దేశ సరిహద్దు, దాటరాదు' అని బోర్డు. అక్కడికి వెళ్ళాలంటే జార్జియా పోలీసుల అనుమతి కావాలి, ఒక పోలీసాయన కూడా వచ్చాడు. మాతో మాట్లాడిన రైతుకి అరవై దాటాయి. ఆయన తోటకి నీళ్ళొచ్చే కాలువ కంచెకి అటు వైపు పోయింది. చెట్లు ఇటే ఉన్నాయి. "నిన్నటిదాకా ఈ కాలువ గట్టు మీద నడిచి పోయేవాణ్ణి" అని పోలీసాయన తర్జుమా చేసి చెప్పాడు. నిన్నటిదాకా అంటే నిజంగా నిన్న కాదు, కానీ ఆయన లెక్కలో అది నిన్నే. దూడ కంచె దాటిపోతే వెతకడానికి వెళ్ళి పట్టుబడినవాళ్ళు ఉన్నారట. ఆ గీతని అక్కడివాళ్ళు ఎవరూ సరిహద్దు అనరు, 'ఆక్రమణ రేఖ' అంటారు. మాట తేడాలోనే వాళ్ళ పంతం అంతా ఉంది. ఆ రేఖ కొన్నిచోట్ల దేశాన్ని తూర్పు నుంచి పడమరకి కలిపే ప్రధాన రహదారికి అర కిలోమీటరు లోపే ఉంటుంది. బాకూ నుంచి సుప్సా రేవుకి వెళ్ళే చమురు పైపులైను ముక్క ఒకటి 2015లో ఆ బోర్డులు జరిపినప్పుడు అటు వైపు పోయింది. ఐరోపా సమాఖ్య పరిశీలకులు 2008 అక్టోబర్ నుంచీ అక్కడ బైనాక్యులర్లతో గస్తీ తిరుగుతున్నారు. వాళ్ళ దగ్గర ఆయుధాలుండవు. కంచెకి అటు వైపు వెళ్ళడానికి రష్యా వాళ్ళు ఒప్పుకోరు.

ఈ చిక్కుముడి విప్పడానికి ఒక ఆలోచన ఉంది, మీ యూట్యూబ్ నిపుణులు కూడా చెప్పే ఉంటారు. నాటో ఒప్పందంలో ఆరో అధికరణం ఏ భూభాగానికి రక్షణ వర్తిస్తుందో చెబుతుంది. అందులో మార్పు చేసి, అబ్‌ఖాజియా, దక్షిణ ఒసేషియాలని ప్రస్తుతానికి పక్కనపెట్టి మిగతా జార్జియాని చేర్చుకోవచ్చు అని అమెరికన్ విశ్లేషకుడు లూక్ కాఫీ ప్రతిపాదించాడు. నాటో మాజీ సెక్రటరీ జనరల్ రాస్ముసెన్ 2019లో టిబిలిసి వచ్చి దీని గురించి ఆలోచించమన్నాడు. దీనికి ముందు ఉదాహరణ కూడా ఉంది: 1955లో దేశం రెండు ముక్కలై ఉండగానే పశ్చిమ జర్మనీని చేర్చుకున్నారు. బలంతో దేశాన్ని కలుపుకోము అని వాళ్ళు ముందే మాట ఇచ్చారు.

చట్టం ప్రకారం ఆలోచన తప్పులేదు. కానీ పశ్చిమ జర్మనీలో అప్పటికే లక్షల అమెరికా సైన్యం ఉంది. అక్కడ సంతకం ముందున్న సైన్యానికి కాగితం తోడయింది. జార్జియాలో కాగితం వచ్చాక సైన్యం రావాలి, అదీ నల్ల సముద్రం దాటి. ఆ సముద్రంలోకి బయటి దేశాల యుద్ధనౌకలు ఎన్ని రావాలో, ఎన్నాళ్ళుండాలో 1936 నాటి మాంట్రో ఒప్పందం నిర్ణయిస్తుంది, ఆ సముద్రంలోకి వెళ్ళే జలసంధుల తలుపు తుర్కియే చేతిలో ఉంది. తుర్కియేకి రష్యాతో గ్యాసు, పర్యాటకం, వ్యాపారం అన్నీ ఉన్నాయి. అందుకే ఈ ప్రతిపాదన సెమినార్లు దాటి ముందుకి పోలేదు. ఖుర్వలేతి రైతుని అడిగితే దీనికి ఒప్పుకుంటాడా అన్నది ఇంకో ప్రశ్న.

ఇప్పుడు మన భారతీయులకి సహజంగా వచ్చే మాట ఒకటుంది. నెహ్రూ కాలం నుంచీ అలీనోద్యమం విని పెరిగినవాళ్ళం కదా, 'ఈ కూటముల గొడవ ఎందుకు, తటస్థంగా ఉండొచ్చుగా' అంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ ఆ ప్రాంతపు చరిత్ర నా అభిప్రాయం మార్చింది. పైన గుర్తుపెట్టుకోమన్నాను చూశారా, 1992–93. అప్పటికి జార్జియా నాటోలో చేరతామన్న ఊసే ఎత్తలేదు, అయినా అబ్‌ఖాజియా పోయింది. మోల్డోవా 1994 రాజ్యాంగంలోనే తాను తటస్థ దేశమని రాసుకుంది. అయినా ఆ దేశం నుంచి విడిపోయిన ముక్క ట్రాన్స్‌నిస్ట్రియాలో రష్యా సైన్యం ఇప్పటికీ ఉంది. ఉక్రెయిన్ 2010లో ఏ కూటమిలోనూ చేరబోమని చట్టం చేసింది. ఆ చట్టం అమల్లో ఉండగానే 2014 మార్చిలో క్రిమియా పోయింది. ఆస్ట్రియా 1955లో తటస్థమై హాయిగా ఉంది కదా అంటారు. నిజమే, ఎందుకంటే తటస్థం అన్నాక సోవియట్ సైన్యం ఆస్ట్రియా నుంచి వెళ్ళిపోయింది. తటస్థానికి ప్రతిఫలంగా సైన్యం వెనక్కి వెళ్ళకపోతే అది తటస్థం కాదు, చేతులు కట్టుకుని నిలబడటం. మనది పెద్ద దేశం, అణ్వస్త్రాలున్న దేశం, మన తటస్థం మనకి చెల్లుతుంది. ముప్ఫై ఏడు లక్షల మందికి అదే కొలత పెట్టకూడదు.

అయితే ఇంత చెప్పాక, ఈ మధ్య జార్జియాలో గాలి మారిందన్న సంగతీ చెప్పాలి, మీ భయానికి అసలు జవాబు అక్కడే ఉంది. 2012 నుంచీ అధికారంలో ఉన్నది 'జార్జియన్ డ్రీమ్' పార్టీ, దాని వెనకున్నది కోటీశ్వరుడు బిడ్జినా ఇవానిష్విలి. మొదట్లో వీళ్ళూ నాటో వైపే మాట్లాడారు. ఐరోపా, నాటో సభ్యత్వం కోసం ప్రభుత్వ సంస్థలన్నీ పాటుపడాలని రాజ్యాంగం 78వ అధికరణంలో ఉంది, అది చేర్చింది వీళ్ళ హయాంలోనే. 2022 తర్వాత స్వరం మారింది. 2023 మేలో అప్పటి ప్రధాని గారిబష్విలి, ఉక్రెయిన్ నాటోలో చేరాలనుకోవడం యుద్ధానికి ఒక ప్రధాన కారణమని బహిరంగంగా అన్నాడు. 2024లో విదేశీ నిధులు అందుకునే సంస్థల మీద చట్టం తెచ్చారు. లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. ఆ జులైలో అమెరికా 'నోబుల్ పార్ట్‌నర్' అనే ఉమ్మడి సైనిక విన్యాసాలు వాయిదా వేసింది. అక్టోబర్ ఎన్నికల్లో అధికార పార్టీ పోస్టర్లు ఎలా ఉన్నాయంటే, ఒక వైపు కూలిపోయిన ఉక్రెయిన్ భవనం, పక్కనే చెక్కుచెదరని జార్జియా భవనం. మాటలు అక్కర్లేదు. నవంబర్ 28న ఐరోపా సమాఖ్యలో చేరే చర్చలు 2028 చివరిదాకా మాకొద్దని ప్రధాని కొబాఖిడ్జే ప్రకటించాడు. ఆ రాత్రి నుంచి టిబిలిసిలో పార్లమెంటు ముందున్న రుస్తవేలి వీధిలో నిరసనలు. రెండు రోజుల్లో అమెరికా తన వ్యూహాత్మక భాగస్వామ్య ఒప్పందాన్ని నిలిపేసింది.

నాటో వైపు కూడా చూడండి. 2023 విల్నియస్ సమావేశంలో ఉక్రెయిన్‌కి మ్యాప్ అక్కర్లేదన్నారు, జార్జియాకి మాత్రం మ్యాప్ కావాలన్న పాత మాటే మళ్ళీ అన్నారు. 2024 వాషింగ్టన్ ప్రకటనలో, జార్జియా సభ్యదేశమవుతుందన్న ఆ పాత వాక్యం లేదు. రష్యా తన సేనల్ని జార్జియా నుంచి ఉపసంహరించుకోవాలన్న మాట మాత్రం ఉంది. ముహూర్తం సరే, పదహారేళ్ళకి నిశ్చితార్థం మాట ఎత్తడం కూడా మానేశారు.

కాబట్టి సార్, 'జార్జియా రేపో మాపో నాటోలో చేరిపోతుంది, అప్పుడు రష్యా దాడి చేస్తుంది' అన్న కథ ఇప్పటి వాస్తవానికి చాలా దూరం. అక్కడి ప్రజల్లో సర్వే ఎప్పుడు చేసినా సగానికి పైగా నాటో కావాలనే అంటారు, అది నిజం. కానీ ప్రభుత్వం ఆ దారిలో నడవడం లేదు, నాటో పిలవడం లేదు, రష్యా సైన్యం ఉక్రెయిన్‌లో ఇరుక్కుని ఉంది. దాడికి కారణమూ దగ్గర్లో లేదు, తీరికా లేదు. 2008లో యుద్ధం వచ్చినప్పుడున్న మూడు పరిస్థితులు, అంటే కొత్తగా ఇచ్చిన మాట, త్స్‌ఖిన్వాలి చుట్టూ రోజూ కాల్పులు, ఖాళీగా ఉన్న రష్యా సైన్యం, ఇవేవీ ప్రస్తుతం లేవు. మీ అమ్మాయికి దగ్గర్లో ఉన్న ఇబ్బంది రాజధానిలో జరిగే నిరసనలు, పోలీసుల నీటి ఫిరంగులు, టియర్ గ్యాస్. పార్లమెంటు ముందు, రుస్తవేలి వీధిలో గుంపులున్న రాత్రి అటు వెళ్ళొద్దని, చూద్దామని, ఫోన్‌లో తీద్దామని కూడా వెళ్ళొద్దని చెప్పండి. విదేశీ విద్యార్థి నిరసనలో కనిపిస్తే వీసాకి చిక్కొస్తుంది.

నేను పేపర్లో చూసే సంగతులు మీరూ చూస్తూ ఉండండి. త్స్‌ఖిన్వాలి రేఖ దగ్గర కాల్పుల వార్తలు వరసగా వస్తున్నాయా, దక్షిణ ఒసేషియాని రష్యాలో కలిపేస్తామన్న మాట మళ్ళీ ఊపందుకుందా, అబ్‌ఖాజియాలో ఓచమ్చిరె దగ్గర కట్టాలనుకుంటున్న రష్యా నౌకా స్థావరం పని ముందుకెళుతోందా, ఉక్రెయిన్‌లో కాల్పుల విరమణ కుదిరి రష్యా సైన్యానికి తీరిక దొరికిందా. వీటిలో రెండు మూడు ఒకేసారి కనిపిస్తే అప్పుడు కంగారు పడదాం, నేనే మళ్ళీ రాస్తాను.

ఈలోగా ఒక పని మాత్రం ఈ వారమే చేయించండి. 2022లో ఉక్రెయిన్ నుంచి ఆపరేషన్ గంగలో దాదాపు 18 వేల మందిని విమానాల్లో తెచ్చారు, వాళ్ళలో మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. ఎక్కువ అవస్థ పడింది సరిహద్దు దాకా ఎలా పోవాలో తెలియక, కాగితాలు కాలేజీలోనే ఉండిపోయి. కాబట్టి అమ్మాయి పేరు, టిబిలిసి చిరునామా, ఫోన్ నంబరు అక్కడి భారత దౌత్య కార్యాలయంలో నమోదై ఉండాలి. పాస్‌పోర్టు, నివాస కార్డు, మార్కుల జాబితాలు స్కాన్ చేసి ఒక కాపీ మీ దగ్గర, ఒకటి మెయిల్‌లో ఉంచమనండి. అసలు పాస్‌పోర్టు ఏజెంటు దగ్గరో, హాస్టల్ ఆఫీసులోనో ఉంటే వెంటనే తీసుకోమనండి. 2008లో విదేశీయులు చాలామంది రోడ్డు మీద దక్షిణానికి, ఆర్మేనియా వైపు వెళ్ళారు. టిబిలిసి నుంచి సదఖ్లో సరిహద్దు చౌకీ 70 కిలోమీటర్ల లోపే, కారులో గంటన్నర. శలవు దొరికినప్పుడు స్నేహితులతో కలిసి ఒకసారి ఆ దారిలో ఆర్మేనియా రాజధాని యెరెవాన్ వెళ్ళి రమ్మనండి. ఊరూ చూసినట్టుంటుంది, దారీ తెలిసి ఉంటుంది.